నాలుగు మిల్లీమీటర్ల పచ్చిక

"దీంతో గడ్డిని నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో కోయాలండీ," అంది ఆమె.

సానబ్బాయి చేతిలోని దర్జీ కత్తెర పక్కన పెట్టి, తోపుడు బండి మీద తాళ్లతో కట్టేసి ఉన్న ఇనుప శాల్తీని చూశాడు. పాతకాలం లాన్ మోవర్. ముందొక కర్ర రోలరు, వెనకొక ఇనుప రోలరు, మధ్యలో మెలితిరిగిన బ్లేడ్లతో పీపాలాంటి సిలిండరు. ఒకప్పుడు దానికి ఆకుపచ్చ రంగు వేశారనడానికి అక్కడక్కడా సాక్ష్యాలున్నాయి.

"ఇప్పుడెంతలో కోస్తోంది?"

"కోయట్లేదండీ. నమిలి ఉమ్మేస్తోంది."

"ఎన్నేళ్లది?"

"మా తాతయ్యకన్నా రెండేళ్లు చిన్న."

"ఎలా ఉన్నారు?"

"మోకాళ్లు అరిగాయి. నోరు బాగానే ఉంది గానీ వాడరు."

అతను మిషను గురించి అడిగాడో మనిషి గురించి అడిగాడో ఆమెకి తెలియలేదు. అడిగిన అతనికీ స్పష్టంగా లేదు.

సాన కొట్టులో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో తల్లి కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది. రెండోదాంట్లో కొడుకు కూర్చుని పదును పెడతాడు. తండ్రి పోయాక పదమూడేళ్లుగా ఈ ఏర్పాటు మారలేదు. దర్జీలు, సెలూన్ల వాళ్లు, హోటళ్ల వంటవాళ్లు అందరూ అతన్ని సానబ్బాయి అనే పిలుస్తారు. వయసు ముప్పైకి దగ్గరపడినా ఆ 'అబ్బాయి' మాత్రం అరగలేదు.

తల్లి తన కుర్చీ ఆమెకిచ్చి, తను గుమ్మంలో నిలబడి, ఐదు నిమిషాల్లో మొత్తం సమాచారం రాబట్టింది. అమ్మాయి ఊరి చివర బౌల్స్ క్లబ్బులో లాన్ చూసుకుంటుంది. అంతకుముందు నలభై ఏళ్లు ఆ పని వాళ్ల తాతయ్య చేశాడు. అమ్మానాన్నా లేరు, ఆయనే పెంచాడు. బౌల్స్ అంటే బరువైన నల్లబంతుల్ని పచ్చిక మీద దొర్లించి, దూరంగా ఉన్న చిన్న తెల్లబంతికి దగ్గరగా చేర్చడం. గడ్డి ఏపుగా ఉంటే బంతి మధ్యలోనే నిద్రపోతుంది.

"ఇరవై మూడు రోజుల్లో పక్క ఊరి క్లబ్బుతో మ్యాచ్ ఉందండీ. అదే సాయంత్రం మా వాళ్ల మీటింగు. గడ్డి పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరుద్దామంటున్నారు సెక్రటరీగారు. దానికి నీళ్లక్కర్లేదు, నేనూ అక్కర్లేదు."

"అయ్యో! మరి ఇప్పుడు దేంతో కోస్తున్నావమ్మా?"

"తాతయ్యని రిటైర్ చేసినప్పుడే దీన్నీ షెడ్డులోకి నెట్టేసి, ఫ్యాను రెక్కలాంటిది తిరిగే కొత్త మిషను కొన్నారు ఆంటీ. దానికి ఇరవైకి తక్కువ రాదు."

సానబ్బాయి ఈలోగా బండి పక్కన గొంతుక్కూర్చుని సిలిండర్ని వేలితో తిప్పాడు. అది ముసలాయన నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు మూలిగింది.

"ఇలాంటివి బాగుచేశారా ఇంతకుముందు?" అని అడిగింది ఆమె.

"లేదు."

"మరి?"

"పైది తిరుగుతుంది, కిందిది కదలదు. మధ్యలో పడింది తెగుతుంది. కత్తెరేనండీ. కాకపోతే బరువెక్కువ."

"కత్తెరంత తేలిక కాదండీ ఇది."

అతను తలెత్తి మొదటిసారి ఆమె మొహం సరిగ్గా చూశాడు. "కత్తెర తేలికని ఎవరు చెప్పారు?"

అలా మొదలైంది. అంటే తగాదా.

* * *

మిషన్ని తలకిందులు చేస్తే జబ్బు వెంటనే తెలిసిపోయింది. సిలిండరు కింద కదలకుండా ఉండే బ్లేడు తొమ్మిది మిల్లీమీటర్ల మందం. అంత మందమున్నది నేలకి నాలుగు మిల్లీమీటర్లలో ఎలా కోస్తుంది? ఎత్తు మడమల చెప్పులేసుకుని మంచం కింద దూరాలన్నట్టుంది వ్యవహారం. దాన్ని ఊడదీసి పల్చటిది వెయ్యాలి. దాన్ని పట్టుకున్న స్క్రూలు ఏడు. ఆరు రెండురోజులు నూనె తాగి ఒప్పుకున్నాయి. ఏడోది తల తెగేదాకా పట్టుపట్టింది. డ్రిల్లుతో తొలచాల్సి వచ్చింది.

పల్చటి బ్లేడు ఎక్కడా దొరకదు. ఆ కంపెనీ మూతపడి చాలా కాలమైంది. పక్క సందులో పుస్తకాలు బైండు చేసే పెద్దాయన దగ్గర కాగితాలు కోసే పాత కత్తి ఒకటుంటే సానబ్బాయి వెళ్లి అడిగాడు. దాన్ని కొలతకి కోసి, రంధ్రాలు వేసి, సాన మీద మూడురోజులు పల్చన చేశాడు.

ఆమె రోజూ సాయంత్రం పని అయ్యాక వచ్చేది. చూసి వెళ్లిపోవచ్చు. వెళ్లేది కాదు.

"మీరుండక్కర్లేదండీ," అన్నాడతను రెండోరోజు.

"నేను మిషన్ని చూడ్డానికి ఉన్నాను."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు. ఎందుకన్నాడో ఆలోచిస్తూ ఆ పూట భోజనం సగంలో ఆపేశాడు.

ఎనిమిదోరోజు సిలిండర్ని, కొత్త బ్లేడుని ఒకదానికొకటి అలవాటు చేసే పని. గరుకు పేస్టు పూసి, సిలిండర్ని వెనక్కి తిప్పుతూ ఉంటే రెండు అంచులూ ఒకదాన్నొకటి నునుపు చేసుకుంటాయి. అతను హ్యాండిల్ తిప్పాడు. ఆమె ఎదురుగా కూర్చుని కుంచెతో పేస్టు పూసింది. గంటన్నర సేపు ఇద్దరి మోకాళ్ల మధ్య జానెడు దూరం. అతను హ్యాండిల్ని ఎన్ని చుట్లు తిప్పాడో లెక్కపెట్టాడు. మూడుసార్లు లెక్క తప్పాడు. లెక్క తప్పడం అతనికి కొత్త.

తర్వాత పేస్టు కడిగేసి, రెండు అంచులూ తగిలీ తగలనట్టు నట్లు బిగించి, "అమ్మా, పాత పేపరేదైనా ఇవ్వు," అన్నాడు. సన్నటి కాగితం ముక్కని ఒక చివర్నుంచి రెండో చివరిదాకా పెట్టి చూస్తే, ఎక్కడ పెట్టినా కత్తిరించినట్టు తెగాలి. నలిగితే పని కానట్టు.

తల్లి ఇచ్చిన పేపరు చక్కగా తెగింది. అమ్మాయి తెగిన ముక్కల్ని వెలుతురులో పెట్టి చూసింది.

"ఇవి పెళ్లి సంబంధాల ప్రకటనలండీ."

"అవును."

"నాలుగింటికి పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి."

"అమ్మ చుట్టింది."

"ఒక్కటీ కుదర్లేదా?"

"ఇప్పుడే కోసేశాం కదండీ."

ఆమె నవ్వుని ఆపుకోబోయి దగ్గింది. గుమ్మంలో తల్లి కూడా దగ్గింది. ఊళ్లో దగ్గుల సీజనేమో అనుకున్నాడు సానబ్బాయి.

చివరిగా ముందు రోలరు నుంచి వెనక రోలరుకి స్టీలు స్కేలు ఆన్చి, దానికీ బ్లేడు అంచుకీ మధ్య సందు కొలిచాడు. నాలుగు. అటు నాలుగు, ఇటు నాలుగు, మధ్యలో నాలుగు.

* * *

పదోరోజు తెల్లారగానే మిషన్ని లాన్ మీదికి దింపారు. అతను తను చేసిన పని చూసుకోవడానికి వచ్చాడు. పచ్చిక పక్కనున్న చిన్న క్వార్టరు వరండాలో వాళ్ల తాతయ్య చేతికర్ర మీద గెడ్డం ఆన్చుకుని కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే తల ఊపాడు. అంతే.

ఆమె హ్యాండిల్ పట్టుకుని నెట్టింది. సిలిండరు పట్టుచీర చింపుతున్నట్టు సన్నగా పాడుతూ కదిలింది. ఎంత బాగుందంటే, ఇద్దరూ ఆ శబ్దమే విన్నారు. ముప్ఫై అడుగులు పోయాక ఆమె వెనక్కి తిరిగి చూసింది.

వెనక పచ్చదనం లేదు. మిషను వెడల్పున పసుపుపచ్చటి చార. మధ్యలో మట్టి కూడా కనిపిస్తోంది. గొరిగిన తలలా ఉంది.

"ఇది నాలుగా?" అందామె.

"నాలుగే."

"నువ్వు కొలిచింది నాలుగా?"

కోపంలో 'మీరు' జారిపోయింది. ఇద్దరూ గమనించారు. ఎవరూ దాన్ని ఎత్తుకోలేదు.

అతను మిషన్ని సిమెంటు దారి మీదికి లాక్కెళ్లి, తిరగేసి, స్కేలు పెట్టి కొలిచాడు. "చూడండి. నాలుగు."

"అయితే గడ్డి అబద్ధమాడుతోందా?"

"గడ్డి సంగతి నాకు తెలీదండీ. ఇనుము మాత్రం నాలుగే."

"నాలుగేళ్లుగా దీన్ని బిడ్డలా చూసుకుంటున్నా. ఒక్క నిమిషంలో తోలు వలిచేశావు. ఇంక పదమూడు రోజులే ఉంది. నీ ఇనుము నువ్వు తీసుకెళ్లిపో!"

"మిషను మీది కదండీ."

"అయితే నువ్వెళ్లు!"

అతను వెళ్లాడు. వరండాలో పెద్దాయన చేతికర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

* * *

ఆ రోజు సానబ్బాయి ఒక దర్జీ కత్తెర పాడుచేశాడు. మర్నాడు ఇంకొకటి.

"పదమూడేళ్లలో ఒక్క కత్తెర పోలేదు," అంది తల్లి. "రెండు రోజుల్లో రెండు. ఆ అమ్మాయి ఏమంది?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే మనిషి ఇలా ఐపోడు. ఏదో అని ఉంటుంది."

"కొలత తప్పంది. తప్పు కాదమ్మా. మూడుసార్లు కొలిచాను."

"సర్లే. కొలత నీది, గడ్డి ఆవిడది. మధ్యలో ఎవరిదో ఉంటుంది తప్పు," అని తల్లి పెరట్లో మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లింది. పోయడం అయ్యాక అలిసిపోయి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఒరేయ్! చెయ్యివ్వరా!" అని కేకేసింది.

అతను వెళ్లేసరికి కుర్చీ నాలుగు కాళ్లూ తడిమట్టిలో వేలెడు లోతు దిగి ఉన్నాయి. తల్లి చేతులు చాపి ఎదురుచూస్తోంది. అతను కుర్చీ కాళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"ముందు నన్ను లేపి, తర్వాత ఆలోచించుకోరా."

కొట్టు నేల బండరాయి. సిమెంటు దారీ రాయిలాంటిదే. కానీ పచ్చిక మెత్తన. మనిషంత బరువున్న మిషను రోలర్లు అందులో దిగిపోతాయి. బల్ల మీద నాలుగైతే తడినేల మీద రెండు, ఇంకా తక్కువ. పదమూడేళ్ల నుంచి కొలతలు కొలుస్తున్నాడు గానీ, కొలిచినదాన్ని ఎక్కడ పెడతారని ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు.

తల్లిని లేపాడు. సైకిలెక్కాడు. సందు చివరికి వచ్చేసరికి వాన మొదలైంది. ఆగాలని తోచలేదు.

క్లబ్బుకి చేరేసరికి, ఆమె లాన్ మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, అంచుల్లోంచి కోసి తెచ్చిన గడ్డి పెళ్లల్ని ఒక్కొక్కటే ఆ చారలో అతికిస్తోంది. గొడుగు పక్కన పడి ఉంది, తడవాల్సిందేదో గొడుగే అన్నట్టు.

"తప్పు నాదండీ," అన్నాడు సానబ్బాయి. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "కొలత సరైందే, కానీ..."

"కాదు, తప్పు నాదే," అంది ఆమె లేవకుండా. "ఎండగా ఉందని కోసే ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టాను. నిన్న మధ్యాహ్నం ఆ మూల పొడిగా ఉన్నచోట ఐదడుగులు నెట్టి చూశా. అద్దంలా కోసింది."

"నేల ఎలా ఉంటుందో నేను అడగాల్సింది."

"నేను చెప్పాల్సింది."

"అడక్కుండా మీరెలా చెబుతారు?"

"అడిగేదాకా ఎందుకాగాలి? నా తప్పని చెప్తుంటే వినవేం?"

"నాది నేనెందుకు వదులుకుంటానండీ?"

"ముందు ఆ 'అండీ' ఆపు. నేను 'నువ్వు' అన్నాక కూడా నువ్వు 'మీరు' అంటుంటే, తీరిగ్గా తిడుతున్నట్టుంది."

అతను 'నువ్వు' అనడానికి నోరు తెరిచాడు. వాన నీళ్లు నోట్లోకి పోయాయి.

"తప్పు నీళ్లది!" అని వరండాలోంచి కేక వినిపించింది. "ఇద్దరూ లోపలికి తగలడండి!"

లోపల పెద్దాయన ఇద్దరికీ చెరొక తువ్వాలు పడేసి టీ ఇచ్చాడు. తర్వాత ఆయన మాట్లాడాడు. ఆపకుండా పావుగంట మాట్లాడాడు. గడ్డి ఒక్కసారిగా అంత కిందికి దిగదు. ఏడుతో మొదలుపెట్టాలి. రోజుకి అర చొప్పున తగ్గించాలి. ఈరోజు నిలువుగా కోస్తే రేపు అడ్డంగా. కోసే ముందురోజు సాయంత్రం చుక్క నీరు పెట్టకూడదు. బల్ల మీద కొలత మొదలు మాత్రమే, అసలు కొలత కోశాక గడ్డిలో వేలు పెట్టి చూసుకునేది.

ఆమె తువ్వాలు తల మీదే ఉంచుకుని విన్నది. "ఇవన్నీ తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదు తాతయ్యా? నేను నీళ్లు పెడుతుంటే చూస్తూ కూర్చున్నావు కదా."

పెద్దాయన టీ గ్లాసులోకి చూశాడు. "నాలుగేళ్లయింది నన్ను ఇంటికి పంపేసి. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వు కూడా అడగలేదు."

"అడిగితే నాకు చేతకాదనుకుంటావని..."

"చేతకాక అడుగుతారా పిచ్చిదానా? నలభై ఏళ్లూ నేను గడ్డినే అడిగి చేశాను."

ఆమె లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. సానబ్బాయి కిటికీలోంచి వానని చాలా శ్రద్ధగా చూశాడు. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. మామూలు వానే.

* * *

ఎత్తు తగ్గించడమంటే రెండు వైపులా ఉన్న చెరొక నట్టుని అర చుట్టు తిప్పడం. ఆ పని ఆమెకి మొదటిరోజే నేర్పేశాడు. ఆమె మొదటిరోజే నేర్చుకుంది. అయినా మర్నాడు తెల్లారేసరికి అతను స్పానరుతో హాజరు. ఆ మర్నాడూ అంతే. రెండు అర చుట్ల కోసం మనిషి రోజూ ఐదు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ రావాలా అని ఆమె అడగలేదు. అతనూ ఆ ప్రస్తావన తేలేదు.

"ఇవాళ కూడా కత్తెరలు లేవా కొట్లో?" అని పెద్దాయనే ఒకసారి అడిగాడు.

"ఉన్నాయండీ. పదింటికి తెరుస్తాం."

"ముందు ఎనిమిదింటికి తెరిచేవాళ్లట కదా?"

"ఎవరు చెప్పారు?"

"మీ అమ్మగారు. నిన్న మధ్యాహ్నం వచ్చారు. దారిలో వెళ్తూ వచ్చారట." క్లబ్బు ఏ దారిలోనూ లేదు. దారి అక్కడితో అయిపోతుంది.

ఆరున్నర, ఆరు, ఐదున్నర. అతికించిన పెళ్లలు వేళ్లూనుకున్నాయి. నాలుగున్నర దగ్గర ఆమె వంగి పచ్చికలో వేలు పెట్టి, "చూడు," అంది. అతను పక్కనే కూర్చుని వేలు పెట్టాడు. పదును పెట్టిన అంచులు తప్ప వేరే దేన్నీ అంత జాగ్రత్తగా ముట్టుకోలేదతను. పక్కపక్కన ఉన్న రెండు వేళ్లలో ఏది ముందు తీయాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి సెక్రటరీగారు అటుగా వచ్చి, "ఏమైనా పడిపోయిందా?" అని అడిగితే తీశారు.

* * *

మ్యాచ్‌కి పక్క ఊరి జట్టు కెప్టెన్‌గా వచ్చింది తెల్లజుట్టు పెద్దావిడ. ఎవరితోనూ మాట్లాడకుండా లాన్ అంచున నిలబడి, చెప్పులు విప్పి, ఉత్తికాళ్లతో నాలుగడుగులు నడిచింది. తర్వాత మొదటి బంతి వదిలింది. అది మెల్లగా, ఎవరి పిలుపో విని వెళ్తున్నట్టు, నిదానంగా వంపు తిరిగి, గాయం మానిన చోటు మీదుగా కూడా తొణక్కుండా పోయి, తెల్లబంతిని ఆనుకుని ఆగింది.

"ఈ పచ్చిక ఎవరిది?" అందావిడ.

"క్లబ్బుదండీ," అన్నారు సెక్రటరీగారు.

"చేసిందెవరని అడుగుతున్నా."

ఆమె తాతయ్యని చూపించింది. తాతయ్య చేతికర్రతో ఆమెని చూపించాడు. ఆమె సానబ్బాయి వైపు తిరిగింది. అతను వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూశాడు. ఎవరూ లేరు.

సాయంత్రం మీటింగులో ప్లాస్టిక్ గడ్డి ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయింది. దాన్ని ఓడించిన ఓట్లలో సెక్రటరీగారిది కూడా ఉంది. ఆయన ఆ రోజు తొమ్మిదేళ్ల తర్వాత మొదటి ఆట గెలిచారు. పచ్చిక గొప్పతనమే తప్ప ఇందులో తనదేమీ లేదని, ఎవరూ అడక్కుండానే పదిమందికి చెప్పారు.

అందరూ టీలు తాగుతుండగా ఇద్దరూ షెడ్డులో మిషన్ని తుడిచారు.

"ఇక ఏడాది దాకా దీనికి పదును అక్కర్లేదు," అన్నాడు సానబ్బాయి.

"ఏడాదా?"

"బాగా చూసుకుంటే ఏడాదిన్నర."

ఆమె నూనె గుడ్డని బల్ల మీద పడేసింది. "మధ్యలో ఏదైనా లూజవ్వచ్చు కదా?"

"అవదు. డబుల్ నట్లు వేశాను."

"తుప్పు పట్టచ్చు."

"గ్రీజు పెట్టాను."

"దేవుడా! ఒక్క నట్టయినా సరిగ్గా బిగించకుండా వదల్లేకపోయావా?"

అప్పుడతనికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా కాసేపు మిషన్నే చూశాడు. అది ఏ సాయమూ చేయలేదు.

"నట్టు తిప్పడం నీకు మొదటిరోజే వచ్చేసింది," అన్నాడు.

"వచ్చేసింది."

"నాకు తెలుసు. అయినా రోజూ వచ్చాను. సైకిలు రిపేరు చేసి, తొక్కి చూస్తున్నానని అమ్మకి చెప్పాను."

"నమ్మిందా?"

"లేదు. నాకు అబద్ధం సరిగ్గా రాదు. అందుకని ఇదే చెబుతా. నువ్వంటే నాకిష్టం. పెళ్లి చేసుకోవాలని ఉంది. ఇప్పటికిప్పుడు జవాబు చెప్పక్కర్లేదు."

"ఇప్పుడే చెబితే ఇబ్బందా?"

"లేదు."

"సరే అయితే. సరే."

మొదటి 'సరే' మాట వరసకి. రెండోది జవాబు. అది గ్రహించడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది. ఆమె ఆ రెండు నిమిషాలూ ఓపిగ్గా నిలబడి, అతని బుగ్గకి అంటిన గ్రీజుని శుభ్రంగా ఉన్న గుడ్డ కొసతో తుడిచింది. గ్రీజు పోయింది. ఎరుపు పోలేదు.

బయట పచ్చిక అంచున ఉన్న బెంచీ మీద పెద్దాయన మధ్యలో కూర్చుని ఉన్నాడు. ఆ బెంచీ మధ్యలో కూర్చోవడం ఆయనకి నలభై ఏళ్ల అలవాటు. పక్కన కుర్చీ వేసుకుని సానబ్బాయి తల్లి మాట్లాడుతోంది. ఎప్పట్నుంచి మాట్లాడుతోందో, ఆవిడ చేతిలో టీ చల్లారిపోయింది.

వస్తున్న ఇద్దర్నీ పెద్దాయన ఎగాదిగా చూశాడు. "చెప్పాడా?"

"చెప్పాడు తాతయ్యా."

"మీ అమ్మగారు పొద్దున్నే చెప్పేశారు అబ్బాయ్. బాగానే ఉంది. కానీ ఒక మాట. నా మనవరాలు ఈ పచ్చికని విడిచి మీ సందులోకి కాపురానికి రాదు. వస్తానని అది అన్నా నేను నమ్మను."

ఆమె ఏదో అనబోయింది. అతను ఆమె కంటే ముందు నోరు తెరిచాడు, కానీ అతని కంటే ముందు తల్లి అందుకుంది.

"ఎందుకు రావాలండీ? వీడి సాన రాయిని ఎక్కడ నాటితే అక్కడ తిరుగుతుంది. పచ్చికని మడిచి సంకన పెట్టుకుని రాలేం కదా! ఆ షెడ్డులో సగం ఖాళీగానే ఉంది, నేను మొన్నే చూసుకున్నాను. కత్తెరలు వాళ్లే తెచ్చుకుంటారు. పదునుంటే ఐదు కిలోమీటర్లు ఒక లెక్కా?"

"మరి మీరు ఆంటీ?" అంది ఆమె. "అక్కడ ఒక్కరే ఉంటారా?"

"నేనా?" అని తల్లి ఆగింది. ఆవిడ మాట మధ్యలో ఆగడం కొడుకు ఎరగడు. "నాదేముందమ్మా. నాకు మాట్లాడ్డానికి మనిషుంటే చాలు."

పెద్దాయన దూరంగా పచ్చిక వైపు చూశాడు. తర్వాత చేతికర్ర ఊతంగా కొంచెం లేచి, బెంచీ మీద ఓ చివరికి జరిగి, ఖాళీ అయిన చోటుని అరచేత్తో తుడిచాడు.

"ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చుంటారు," అన్నాడు. "ఇటు రండి. చెప్పండి, తర్వాతేమైంది?"